సెకండ్ హ్యాండ్ కారులో బ్రేక్ పట్టేస్తుంటే ఏం మార్చాలి: పిన్నులా, కిట్టా, కొత్త కాలిపరా, హోస్ పైపా?

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే బ్రేక్ పడుతుందా లేదా అని అందరూ చూస్తారు, కాలు తీశాక వదుల్తుందా లేదా అని చూసేవాళ్ళు చాలా తక్కువ. వదలని బ్రేకు వల్ల మైలేజీ పడిపోద్ది, ప్యాడ్లు అరిగిపోతాయి, అది అందరికీ తెలిసిందే, అసలు భయం వేరే ఉంది. చక్రంతో పాటు తిరిగే డిస్కు ప్యాడ్ ని రాసుకుంటూనే ఉంటే, ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ వేడెక్కుద్ది, ఆ వేడి లోపలున్న బ్రేక్ ఆయిల్ కి ఎక్కుద్ది, పాత ఆయిల్ లో తేమ చేరి ఉంటది కాబట్టి త్వరగా మరిగి ఆవిరి బుడగలు కడతాయి, అప్పుడు పెడల్ తొక్కితే మెత్తగా కిందకి దిగిపోద్ది. తిరుమల ఘాట్ దిగేటప్పుడో నల్లమల మలుపుల్లోనో అలా అయితే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

బ్రేక్ పట్టేస్తుంది అంటే ఒకరు కాలిపర్ జరిగే పిన్నులకి గ్రీజు పెట్టించు అంటారు, ఇంకొకరు లోపలి రబ్బరు సీళ్ళ కిట్టు వేయించు అంటారు, ఇంకొకరు కాలిపరే మార్చేయ్ అంటారు, కాలిపర్ కి ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ పైపు గురించి మాత్రం ఎవరో ఒకరే చెప్తారు. నలుగురు చెప్పేదీ నిజమే, కాకపోతే నలుగురూ నాలుగు వేరే రోగాల గురించి చెప్తున్నారు. అందుకే ముందు ఏది కొనాలి అని కాదు, ఏం చేస్తే ఆ చక్రం వదిలింది అని చూడాలి. దేన్ని కదిపితే వదిలిందో పాడైంది అక్కడే, ఇంక ఎంచుకోడానికి పెద్దగా మిగలదు.

ఇక్కడ నేను చెప్పేది స్విఫ్ట్, వేగనార్, ఐ10, ఆల్టో లాంటి బండ్ల గురించి, అంటే ముందు డిస్కు వెనక డ్రమ్ము ఉండేవి. మన దగ్గర పాత మార్కెట్లో ఎక్కువ తిరిగేవి అవే. నాలుగూ డిస్కులున్న బండ్ల సంగతి మధ్యలో చెప్తా.

అసలు పట్టేస్తుందా లేదా?

రాత్రి వాన పడి పొద్దున్నే బండి తీస్తే టక్ మని ఒక శబ్దం వచ్చి కదులుద్ది, మొదటి రెండు మూడు బ్రేకులకి గరగర అంటది, తర్వాత పోద్ది. డిస్కు పోత ఇనుము, తడి తగిలితే ఒక్క రాత్రికే పైన ఎర్రగా తుప్పు పొర కడుద్ది, ప్యాడ్లు దాన్ని గీకేస్తాయి. దీనికి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. అమ్మేవాళ్ళు "వర్షానికి కొంచెం పట్టింది బ్రదర్, రెండ్రోజులు తిప్పితే పోద్ది" అంటారు, నిజంగా వర్షమే అయితే రెండ్రోజులు అక్కర్లేదు, రెండు కిలోమీటర్లలోనే పోవాలి. పోకపోతే అది వర్షం కాదు.

చదునైన చోట బండి ఆపి, న్యూట్రల్ లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, వెనకనుంచి ఒక్కరు తొయ్యండి. మామూలు హ్యాచ్ బ్యాక్ ఒక మనిషి తోస్తే కదలాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, అది ముందే చూస్కోండి. కదలకపోయినా, కదిలి వెంటనే ఆగిపోయినా ఎక్కడో పడుతుందన్నమాట. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా తిప్పాక ఇంకోసారి తోసి చూడండి, ఎందుకంటే కొన్ని లోపాలు వేడెక్కాకే బయటపడతాయి. అమ్మేవాళ్ళ ఇంటి ముందు చల్లటి బండి నాలుగు అడుగులు కదిలిందని ఓకే అనుకుని వచ్చేయొద్దు.

తర్వాత ఒక పది కిలోమీటర్లు నడపండి. చివరి కిలోమీటరు బ్రేక్ వీలైనంత తక్కువ తొక్కుతూ ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వచ్చి ఆపండి. బండి ఆగేదాకా ఇంజన్ మాత్రం ఆపకండి, ఇంజన్ ఆపితే మన కాలి బలాన్ని పెంచే బూస్టర్ కి వాక్యూమ్ అందక పెడల్ రాయిలా అయిపోద్ది. దిగి నాలుగు చక్రాల దగ్గర రిమ్ముకి దగ్గరగా అరచేతి వెనక వైపు పెట్టి చూడండి, డిస్కుని మాత్రం ముట్టుకోవద్దు, చర్మం ఊడొచ్చేంత కాలొచ్చు. ముందు చక్రాలు వెనక వాటికన్నా వేడిగా ఉండటం మామూలే, బ్రేక్ పని ఎక్కువ ముందువే చేస్తాయి. చూడాల్సింది ఎడమకీ కుడికీ తేడా. ముందు ఎడమది గోరువెచ్చగా ఉండి ముందు కుడిది చెయ్యి పెట్టలేనంత ఉంటే కుడిదాని సంగతి చూడాలి. తుపాకీలా ఉండే ఇన్ఫ్రారెడ్ థర్మామీటర్ ఎవరి దగ్గరన్నా ఉంటే ఇంకా మంచిది, డిస్కు మీదకి నేరుగా చూపించి అంకెలు పోల్చుకోవచ్చు. వేడి తగ్గుద్దని నీళ్ళు మాత్రం పొయ్యకండి, ఎర్రగా కాలిన డిస్కు మీద చన్నీళ్ళు పడితే వంకర తిరగొచ్చు, పగలొచ్చు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడేది ఒకటుంది. చక్రం బేరింగ్ పోయినా వేడొస్తది. బేరింగ్ అయితే స్పీడు పెరిగే కొద్దీ హూం అని మోత పెరుగుద్ది, మలుపు తిప్పితే ఆ మోత మారుద్ది. బ్రేక్ అయితే కాలిన వాసన, ఆ ఒక్క రిమ్ము మీద నల్లటి పొడి ఎక్కువ, స్టీరింగ్ ఒక పక్కకి లాగడం. అనుమానంగా ఉంటే జాకీ ఎత్తి కాలిపర్ విప్పి పక్కన వైరుతో కట్టి చక్రం తిప్పి చూడమనండి, అప్పటికీ గరగర వస్తే అది బేరింగే. కాలిపర్ ని హోస్ మీద వేలాడదీయనివ్వకండి.

బ్లీడింగ్ నిపిల్ దగ్గర తేలిపోద్ది

బ్లీడింగ్ అంటే బ్రేక్ లైన్ లో గాలి బయటకి తీయడం, దానికోసం కాలిపర్ వెనక ఉండే చిన్న మరే నిపిల్. అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే, పానా ఒకటి, చిన్న గొట్టం ఒకటి, సీసా ఒకటి ఉంటే చాలు. బండిని జాకీతో ఎత్తి స్టాండు మీద నిలబెట్టి, మిగతా చక్రాలకి రాయో చెక్కో అడ్డం పెట్టి, చక్రం విప్పండి. ఒకరు లోపల కూర్చుని ఇంజన్ ఆన్ లో పెట్టి నాలుగైదు సార్లు గట్టిగా బ్రేక్ తొక్కి వదలాలి. చేత్తో హబ్బు, అంటే చక్రం బిగించే భాగం, తిప్పితే తిరగట్లేదు, పట్టేసింది. ఇప్పుడు కాలిపర్ వెనక రబ్బరు టోపీ ఉన్న నిపిల్ కి గొట్టం తగిలించి పానాతో పావు చుట్టు లూజ్ చెయ్యండి.

రెండే రకాలుగా జరుగుద్ది. ఒకటి, గొట్టంలోకి ఆయిల్ చర్రున చిమ్మి, అదే క్షణంలో మీ చేతిలో హబ్బు తేలిగ్గా తిరగడం మొదలవుద్ది. అంటే లోపల ప్రెషర్ ఇరుక్కుపోయింది, కాలిపర్ బాగానే ఉంది, ఆయిల్ వెనక్కి పోవడానికి దారి లేదు. రెండోది, ఒకటి రెండు చుక్కలు కారి ఆగిపోద్ది, హబ్బు మాత్రం అలాగే బిగుసుకుని ఉంటది. అప్పుడు ప్రెషర్ ఏం లేదు, పిన్నో, ఆయిల్ బలానికి ప్యాడ్ ని నెట్టే పిస్టనో తుప్పు పట్టి ఇరుక్కుంది.

మొదటి రకం అయితే ఇంకో మెట్టు ఉంది. నిపిల్ బిగించి మళ్ళీ తొక్కి పట్టేసేలా చేసి, ఈసారి హోస్ పైపు పై చివర ఇనప పైపుకి కలిసే చోట కొంచెం లూజ్ చెయ్యాలి. అక్కడ వదిలితే అడ్డం పైనే ఉంది, అంటే పెడల్ తొక్కితే ఆయిల్ ని నెట్టే మాస్టర్ సిలిండర్ వైపు. అక్కడ వదలకుండా నిపిల్ దగ్గర మాత్రమే వదిలితే హోస్ పైపు లోపల ఉబ్బిపోయింది. బయటకి పైపు నున్నగా బాగానే కనపడుద్ది, లోపల రబ్బరు పొర ఊడి బోరు మోటారు ఫుట్ వాల్వ్ లాగా పని చేస్తది, కాలు తొక్కిన బలానికి ఆయిల్ అటు పోనిస్తది, తిరిగి రానివ్వదు. చివర్లో అన్నీ బిగించి ఆ చక్రం బ్లీడింగ్ చేసి పెడల్ గట్టిగా ఉందో లేదో చూశాకే బండి కదపాలి.

మా పిన్ని కొడుకు ఒక పాత ఐ10 కొన్నాడు, ఎడమ ముందు చక్రం పడుతుందని ఒక వర్క్ షాపులో కాలిపర్ కొత్తది వేశారు, నెల తిరక్కుండా మళ్ళీ అదే వాసన. కొత్త కాలిపర్ కూడా కంపెనీ డిఫెక్ట్ అన్నారంట. నిపిల్ తిప్పితే ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసింది, హోస్ పైపు మార్చాక ఇంతవరకు మళ్ళీ ఆ మాట లేదు. ఐదు నిమిషాల పరీక్ష ముందే చేసి ఉంటే కాలిపర్ డబ్బులు మిగిలేవి, వాడికి ఆ డబ్బు చిన్నది కాదు.

ఇప్పుడు పోలిక: పిన్నులు, కిట్టు, కొత్త కాలిపర్, స్క్రాప్ కాలిపర్

నిపిల్ తిప్పినా వదల్లేదు అనుకుందాం. కాలిపర్ విప్పాక ముందు పిన్నులు చూడండి. కాలిపర్ రెండు పిన్నుల మీద ముందుకీ వెనక్కీ జరుగుద్ది, వేలితో లాగితే నున్నగా బయటకి రావాలి. రబ్బరు బూటు చిరిగిందంటే లోపలికి నీళ్ళు పోయి పిన్ను మధ్యలో ఎర్రటి పట్టీలాగా తుప్పు, పాత గ్రీజు నల్లగా గట్టిపడి బంకలా ఉంటది. ప్యాడ్లు కూడా కథ చెప్తాయి, బయట ప్యాడు ఎక్కువ అరిగితే మామూలుగా పిన్నులు పట్టేసినట్టు, లోపలి ప్యాడు ఎక్కువ అరిగితే పిస్టన్ వెనక్కి పోనట్టు, ఒకే ప్యాడు ఏటవాలుగా అరిగితే రెండు పిన్నుల్లో ఒకటే పట్టేసినట్టు.

పిన్నుల పనే అయితే అన్నిటికన్నా చవక, క్లీన్ చేసి గ్రీజు పెట్టడానికి కొన్ని వందలు, తుప్పుతో గుంటలు పడితే కొత్త పిన్నులు బూట్లు కలిపి ఇంకొన్ని వందలు. ఒకటే జాగ్రత్త, గ్రీజు సిలికాన్ ది గానీ బ్రేకులకని అమ్మేది గానీ అయ్యుండాలి. బేరింగులకి పెట్టే మామూలు గ్రీజు పెడితే అందులో ఉండే పెట్రోలియం నూనెకి బూటు రబ్బరు ఉబ్బి, కొన్నాళ్ళకి మళ్ళీ పట్టేస్తది, అప్పుడు అందరూ పిన్నుల పని దండగ అంటారు. పని దండగ కాదు, గ్రీజు తప్పు.

పిన్నులు బాగుండి పిస్టన్ కదలకపోతే అప్పుడు కిట్టా కాలిపరా అన్న ప్రశ్న వస్తది. పిస్టన్ ని వెనక్కి లాగడానికి లోపల స్ప్రింగేం ఉండదు. చుట్టూ చతురస్రంగా కోసిన రబ్బరు సీలు ఒకటి ఉంటది, బ్రేక్ తొక్కితే పిస్టన్ తో పాటు అది కొంచెం మెలిపడుద్ది, కాలు తీస్తే తన ఆకారానికి తిరిగొస్తూ పిస్టన్ ని వెంట్రుకవాసి వెనక్కి లాగుద్ది. అంతే, వెంట్రుకవాసి. ఆ సీలు గట్టిపడినా, పిస్టన్ మీద తుప్పు ఉన్నా ఆ కొంచెం కూడా జరగదు. కిట్టులో వచ్చేది ఈ సీలూ, బయట దుమ్ము పోకుండా ఉండే బూటూ.

పిస్టన్ బయటకి తీయించి మీరే వెలుతుర్లో పెట్టి గోరుతో గీకి చూడండి. మెరుపు పూత అంతా నున్నగా ఉంటే కిట్టు చాలు, మంచి కంపెనీ కిట్టు వేసి లోపల పిస్టన్ జరిగే బోరు శుభ్రం చేస్తే ఏళ్ళు నడుస్తది, ఇక్కడ నేను కళ్ళు మూసుకుని కిట్టుకే ఓటేస్తా. గోరుకి గుంట తగిలితే కిట్టు వేయొద్దు. ఎమెరీ పేపర్ తో రుద్దేసి వేసేస్తాం సార్ అంటారు, ఆ రుద్దుడుకి పూత పోయి తుప్పు ఇంకా తొందరగా వస్తది, కొత్త సీలు కూడా కోసుకుపోద్ది. కొన్ని బండ్లకి పిస్టన్ విడిగా దొరుకుద్ది, దొరికితే పిస్టన్ ప్లస్ కిట్టు మంచి మధ్యేమార్గం. బోరు లోపల కూడా గుంటలుంటే మాత్రం కొత్త కాలిపరే, వేలల్లో అవుద్ది, బండిని బట్టి.

ప్యాడ్లు కొత్తవి వేశాకే పట్టేయడం మొదలైంది అని చాలామంది అంటారు, దానికీ కారణం ఇదే. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ బయటకి వస్తా ఉంటది, బూటు చిరిగితే ఆ బయటున్న భాగం తుప్పు పడుద్ది, కొత్త లావుపాటి ప్యాడ్లు పట్టడానికి పిస్టన్ ని లోపలికి నెట్టినప్పుడు ఆ తుప్పు భాగం సీలు లోకి వెళ్ళి ఇరుక్కుంటది. అందుకే అమ్మేవాళ్ళు "మొన్నే ప్యాడ్లు కొత్తవి వేయించాం" అంటే సంతోషపడటం కాదు, ఆ చక్రాల వేడి ఇంకొంచెం శ్రద్ధగా చూడండి.

స్క్రాప్ లో తీసిన కాలిపర్ విజయవాడ ఆటోనగర్ లో గానీ వేరే చోట గానీ చవగ్గా దొరుకుద్ది. తలుపులు, అద్దాలు, బంపర్లు స్క్రాప్ లో కొనండి, నాకేం అభ్యంతరం లేదు, బ్రేక్ భాగాలు మాత్రం అలా కొనొద్దు. దాని పిస్టన్ ఎలా ఉందో బయటకి కనపడదు, ఎలాగూ విప్పి కిట్టు వేయాలి, అలాంటప్పుడు మీ కాలిపర్ కే కిట్టు వేసుకోవచ్చుగా. పాత మోడల్ కి కొత్తది ఎక్కడా దొరక్కపోతేనే స్క్రాప్ వైపు చూడండి, అది కూడా పిస్టన్ తీసి చూపిస్తేనే డబ్బులివ్వండి.

హోస్ పైపు అని తేలితే ఎక్కువ ఆలోచించక్కర్లేదు, ముందు రెండూ కలిపి మార్చేయండి, రెండూ ఒకే వయసువి. ధర పెద్దది కాదు, లేబర్ లో బ్లీడింగ్ ఎలాగూ ఉంటది, ఆ పన్లోనే మొత్తం ఆయిల్ మార్పించండి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 205 డిగ్రీలు దాటాకే మరగాలి, తేమ పట్టాక ఆ లెక్క 140 కి పడిపోద్ది, డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. రెండేళ్ళకోసారి మార్చమనేది అందుకే. బండిలో బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా మూత మీద ఏది రాసుంటే అది పోయండి, డాట్ 5 అని రాసుంది మాత్రం వద్దు, అది సిలికాన్, మన ఆయిల్ తో కలవదు. ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసేది) ఉన్న బండికి బ్లీడింగ్ చేసేటప్పుడు డబ్బా ఖాళీ కానివ్వొద్దని చెప్పండి, గాలి ఏబీఎస్ యూనిట్ లోకి పోతే స్కానర్ లేకుండా తియ్యడం కష్టం. 2019 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లన్నిటికీ ఏబీఎస్ ఉంటది, అంతకుముందు బేస్ మోడల్స్ చాలావాటికి ఉండదు.

వెనక చక్రాలు

వెనక పట్టేస్తే నేను ముందు అనుమానించేది హ్యాండ్ బ్రేక్ కేబుల్ నే. తొడుగు చిరిగి నీళ్ళు పోయి తుప్పు పట్టి లివర్ దించినా కేబుల్ తిరిగి రాదు, వైజాగ్, కాకినాడ, నెల్లూరు వైపు ఉప్పు గాలి తగిలిన బండ్లకి ఇంకా ఎక్కువ. లివర్ దగ్గరున్న అడ్జస్టర్ నట్టు బాగా లూజ్ చేసి చక్రం తిప్పండి. వదిలితే కేబుల్, వదలకపోతే డ్రమ్ముని లోపల్నుంచి నొక్కే షూలు గానీ, వాటిని నెట్టే వీల్ సిలిండర్ గానీ, బిగించేసిన అడ్జస్టర్ గానీ. కేబుల్ లో ఆయిల్ పోస్తే కొన్ని రోజులు వస్తది, దారిలో ఉన్నప్పుడు ఇంటికి చేరడానికి అది ఓకే, రిపేరు మాత్రం కాదు. నెలల తరబడి హ్యాండ్ బ్రేక్ వేసి పెట్టేసిన బండికి షూలు డ్రమ్ముకే అతుక్కుంటాయి, గట్టిగా రేసిచ్చి లాగొద్దు, లైనింగ్ ఊడి డ్రమ్ములో అడ్డం పడుద్ది, డ్రమ్ము విప్పించండి.

స్కోడా లారా, ఆక్టావియా లాంటివాటికి వెనక కూడా డిస్కే, హ్యాండ్ బ్రేక్ కాలిపర్ లోనే ఉంటది. ఆ పిస్టన్ ని తిప్పుతూ లోపలికి పంపాలి, సీ క్లాంపుతో నొక్కితే లోపల మెకానిజం విరుగుద్ది. తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

నాలుగు చక్రాలూ పడుతుంటే

ఒక చక్రం అంటే చిన్న సంగతి, అన్నీ కలిసి పడుతుంటే నా మనసు మారిపోద్ది. మాస్టర్ సిలిండర్ ని బూస్టర్ కి పట్టిన రెండు నట్లు ఇంజన్ ఆఫ్ చేసి కొంచెం లూజ్ చెయ్యమనండి. చక్రాలు వదిలితే మంచి వార్త, పుష్ రాడ్డో పెడల్ సెట్టింగో తప్పు ఉంది, ఎవరో విప్పి సరిగ్గా బిగించలేదు. వదలకపోతే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి లోపల రబ్బరు చూడండి. ఉబ్బి, వంకర తిరిగి, తిరిగి మూతలో పట్టనట్టు ఉందా? అయితే ఎవరో అందులో ఇంజన్ ఆయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో పోశారు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఆ ఆయిల్ ఒక చుక్క వెయ్యండి, బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోద్ది, ఇంజన్ ఆయిల్ పైన తేలుద్ది. తేలిందంటే మాస్టర్, హోస్ పైపులు, కాలిపర్ సీళ్ళు, వీల్ సిలిండర్లు, రబ్బరున్న ప్రతిదీ పోయినట్టే, ఏబీఎస్ ఉంటే అది కూడా. ఆ బండి ఎంత తగ్గించినా నేనైతే కొనను.

నీళ్ళలో మునిగిన బండి కూడా ఇలాగే అన్ని చక్రాలకీ పట్టేస్తది. 2020 అక్టోబర్ లో హైదరాబాద్ వరదలకీ, 2024 సెప్టెంబర్ లో విజయవాడ బుడమేరు వరదకీ ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. నాలుగు చక్రాలూ బిగుతుగా ఉంటే సీటు బెల్టు పూర్తిగా లాగి చివర బురద మరక ఉందేమో, సీట్ల కింద పట్టాల మీద తుప్పు ఉందేమో చూడండి, ఉంటే బ్రేకుల గురించి మాట్లాడటం కూడా అనవసరం.

ఒకే చక్రం అయితే కొనొచ్చు. పిన్నులైనా హోసైనా కేబులైనా ధర పెద్దగా తగ్గించకపోయినా పర్లేదు, బండి మిగతా అంతా బాగుంటే వదులుకోకండి. కాలిపర్ అనుమానం ఉంటే కొత్త కాలిపర్ ఒకటి, డిస్కులు రెండు, ప్యాడ్లు ఒక సెట్టు ఖరీదు కనుక్కుని, దాని మీద లేబర్ వేసి, ఆ మొత్తం తగ్గించమని అడగండి. బాగా కాలిన డిస్కుకి నీలం మచ్చలుంటాయి, అవి అమ్మేవాళ్ళకి చూపిస్తే బేరం తేలిగ్గా నడుస్తది.

ఎక్కడ చేయించాలి అంటే, కంపెనీ సర్వీస్ సెంటర్లలో ఎక్కువగా కిట్టు వెయ్యరు, అసెంబ్లీ మొత్తం మారుస్తారు, వారంటీ ఉన్న బండికీ ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న బండికీ అక్కడికే వెళ్ళండి. పిన్నులు, కిట్టు, హోస్, కేబుల్ పనులకి బ్రేక్ పని మాత్రమే చేసే మెకానిక్ నయం, సామాన్లు మీరే పార్ట్ నంబర్ చూసి కొనుక్కెళ్ళండి, హైదరాబాద్ వాళ్ళకి రాణిగంజ్ ఉండనే ఉంది. విప్పేటప్పుడు పక్కనే ఉంటానని ముందే చెప్పండి, "అన్నా, నిపిల్ తిప్పి చూశాకే సామాను చెప్పు" అని అడగండి, పని తెలిసిన మనిషి ఈ మాటకి కోపం తెచ్చుకోడు. పాత సామాను ఇంటికి తెచ్చుకోండి.

పని అయ్యాక అక్కడే డబ్బులిచ్చి వచ్చేయకుండా మళ్ళీ అదే పది కిలోమీటర్లు తిప్పి, ఎడమా కుడీ వేడి పోల్చి, వేడి మీదే ఇంకోసారి తోసి చూడండి. కొత్త ప్యాడ్లు వేస్తే మొదట్లో కొంచెం రాసుకుని రెండు వైపులా కొద్దిగా వేడిగా ఉంటాయి, రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు లేకుండా నడిపితే సర్దుకుంటాయి. ఒక వైపే వేడిగా ఉంటే మాత్రం ఆ రోజే వెనక్కి తీసుకెళ్ళండి.